ఫ్రీ ట్రేడ్ ఒప్పందాల్లో మానవ హక్కుల షరతులు పెడితే కార్మికులకు నిజంగా ఒరిగేదేమైనా ఉందా?

మీ ప్రశ్నకి రెండో సగం కూడా ఉంది: ఇది పెద్ద దేశాలు మన సరుకుని ఆపడానికి వేసిన ఎత్తు కాదా అని. రెండింటికీ నాకు తెలిసినంతలో చెప్తాను. విశాఖ శివార్లలో ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్‌లో ఆరేళ్లు హెచ్‌ఆర్‌లో పనిచేశాను. అక్కడి సరుకంతా అమెరికాకి, యూరప్‌కి వెళ్లేది.

ఒరుగుతుందనే నా నమ్మకం. కాకపోతే షరతు కాగితం మీద ఉంటే చాలదు. పని చేసే మనిషి తనే ఫిర్యాదు చేయగలగాలి, దానికి గడువులోగా ఎవరో ఒకరు జవాబు చెప్పి తీరాలి.

ఇంత గట్టిగా అనడానికి కారణం ఒక ఆడిట్ రోజు. మా ప్లాంట్‌లో పీలింగ్ పనంతా ఆడవాళ్లదే. శ్రీకాకుళం వైపు నుంచి, పాడేరు ఏజెన్సీ నుంచి, ఒడిశా నుంచి వచ్చినవాళ్లు. అందరూ కాంట్రాక్టర్ మనుషులే. ఐసు నీళ్లలో చేతులు పెట్టి గంటల తరబడి నిలబడి తల తీయడం, పొట్టు ఒలవడం, నరం లాగడం. సాయంత్రానికి వేళ్ల చివర్లు తెల్లగా నానిపోయి, గోళ్ల పక్కన చర్మం చీలేది. రాత్రి కొబ్బరినూనెలో పసుపు కలిపి రాసుకుని, పొద్దున్నే మళ్లీ ఆ ఐసులోకే.

సరుకు కొనే విదేశీ కంపెనీ (బయ్యర్) తరఫున పని పరిస్థితులు తనిఖీ చేసే ఆడిటర్ వస్తున్నాడంటే వారం ముందు నుంచే మాకు టెన్షన్. పన్నెండు గంటల షిఫ్టులు రిజిస్టర్‌లో ఎనిమిది గంటలయ్యేవి. కూర్చుని వాటిని తిరగరాసినవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ సంగతి ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది. ఆ రోజు ఉదయం అందరికీ కొత్త గ్లోవ్స్ పంచాం, మగవాళ్ల సైజువి. వేళ్ల చివర్లు ఖాళీగా వేలాడుతుంటే రొయ్య పట్టు దొరక్క వాళ్లు అవస్థ పడుతున్నారు. ఆడిటర్ మాత్రం గ్లోవ్స్ ఉన్నాయని టిక్ పెట్టుకున్నాడు. ఒక ఒడియా అమ్మాయిని ఏదో అడిగితే, దాన్ని అనువదించింది ఆ అమ్మాయి సూపర్‌వైజరే. సాయంత్రం ఐదింటికి అందరినీ ఇంటికి పంపేసి, గ్లోవ్స్ లెక్కపెట్టి వెనక్కి తీసుకున్నాం. గేటు దగ్గర ఒక పెద్దామె నన్ను ఆపి, "ఏటమ్మా, ఆ బాబు మళ్లీ ఎప్పుడొస్తాడు?" అని అడిగింది. ఆ ఒక్క రోజే ఆమెకి వేడి టీ దొరికింది, వెలుతురుండగా ఇల్లు చేరే వీలు కలిగింది.

ఆడిట్ అనేది బయ్యర్ సొంతంగా పెట్టుకునేది, ఒప్పందం ప్రభుత్వాల మధ్యది. రెండూ ఒకటి కావు. కానీ ఒప్పందాల చరిత్ర చదువుతుంటే నాకు ఆ గ్లోవ్సే గుర్తొస్తాయి. గ్వాటెమాలా కేసు చూడండి. అక్కడ కార్మిక చట్టం అమలు కావడం లేదని 2008లో యూనియన్లు అమెరికా ప్రభుత్వానికి ఫిర్యాదు చేశాయి. రెండు దేశాల మధ్య ఉన్న వాణిజ్య ఒప్పందం కింద అమెరికా వేసిన కేసులో ప్యానెల్ (మధ్యవర్తుల బృందం) నిర్ణయం వచ్చేసరికి 2017. 8 చోట్ల 74 మంది కార్మికుల విషయంలో చట్టం అమలు కాలేదని ప్యానెల్ ఒప్పుకుంది. అయినా ఒప్పందంలో రాసుకున్నట్టుగా దానివల్ల వాణిజ్యం మీద ప్రభావం పడిందని రుజువు కాలేదంటూ అమెరికా వాదనని కొట్టేసింది. తొమ్మిదేళ్లు ఎదురుచూసినవాళ్ల చేతికి ఏమీ రాలేదు.

అమెరికా, మెక్సికో, కెనడా మధ్య 2020లో అమల్లోకి వచ్చిన ఒప్పందం వేరే దారి పట్టింది. దాంట్లో ఫిర్యాదు ఒక్కొక్క ఫ్యాక్టరీ మీద నడుస్తుంది. తప్పు తేలితే సుంకం రాయితీ పోయేది ఆ ఫ్యాక్టరీ సరుక్కే, దేశం మొత్తానికి కాదు. 2021లో మెక్సికోలోని సిలావో జనరల్ మోటార్స్ ప్లాంట్‌లో పాత యూనియన్ నడిపిన ఓటింగ్‌లో అక్రమాలు బయటపడితే ఈ పద్ధతినే వాడారు. ఆగస్టులో మళ్లీ ఓటింగ్ పెడితే కార్మికులు ఆ యూనియన్ కుదుర్చుకున్న వేతన ఒప్పందాన్ని తిరస్కరించారు. 2022 ఫిబ్రవరిలో కొత్త యూనియన్‌ని ఎన్నుకున్నారు, అదే ఏడాది జీతాలు 8.5 శాతం పెరిగాయి. ఏడాది తిరగకుండానే కార్మికులు తమ యూనియన్‌ని తామే ఎంచుకోగలిగారు. నాకు నచ్చింది అదే.

ఇక మన సంగతి. స్విట్జర్లాండ్, నార్వే, ఐస్‌లాండ్, లీక్టెన్‌స్టెయిన్‌లతో 2024 మార్చిలో సంతకమైన ఒప్పందంలో కార్మికులు, పర్యావరణం గురించి మొదటిసారి ఒక అధ్యాయానికి మనం ఒప్పుకున్నాం. 2025 జులైలో బ్రిటన్‌తో సంతకమైన ఒప్పందంలోనూ కార్మిక అధ్యాయం ఉంది. అయితే రెండింట్లోనూ ఆ అధ్యాయాలకి వివాద పరిష్కార నిబంధనలు వర్తించవు. ప్రభుత్వాలు కూర్చుని మాట్లాడుకోవడమే. గేటు దగ్గర నన్ను ఆపిన ఆ పెద్దామె గోడు అక్కడిదాకా వెళ్లే దారి నాకు కనబడటం లేదు.

ఇదంతా పెద్ద దేశాల ఎత్తు అనే మాట పూర్తిగా తీసిపారేయదగ్గది కాదు. కార్మిక ప్రమాణాలని రక్షణవాదానికి, అంటే సొంత పరిశ్రమల కోసం బయటి సరుకుని ఆపడానికి, వాడుకోకూడదని 1996లోనే సింగపూర్‌లో ప్రపంచ వాణిజ్య సంస్థ మంత్రులు రాసుకున్నారు. అలా రాసుకోవాల్సి వచ్చిందంటే భయం ఉండబట్టే. కానీ మా ప్లాంట్‌లో మేం దాచిపెట్టినవి ఏమిటి? పని గంటలు, ఓవర్‌టైమ్‌కి రెట్టింపు కూలి, వారానికో సెలవు. ఇవి యూరోపియన్ యూనియన్ ఆఫీసులుండే ఏ బ్రసెల్స్‌లోనో పుట్టినవి కావు, 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న మన 1948 ఫ్యాక్టరీల చట్టంలోనివే. వెట్టిచాకిరీ కూడదని చెప్పేది మన రాజ్యాంగం 23వ అధికరణం. ఈ విషయాల్లో విదేశీయులు మనల్ని కొత్తగా అడుగుతున్నదేమీ లేదు. యూనియన్ హక్కు సంగతి వేరు, అక్కడే మనం వెనకాడుతున్నాం. సంఘం పెట్టుకునే స్వేచ్ఛ మీద, సామూహిక బేరసారాల మీద ఉన్న అంతర్జాతీయ కార్మిక సంస్థ (ఐఎల్ఓ) ఒప్పందాలు 87, 98లకి మన ప్రభుత్వం ఇప్పటికీ ఆమోదం తెలపలేదు.

నాకు నిజంగా కోపం తెప్పించేది బయ్యర్ల తీరు. ఆడిట్‌లో గ్లోవ్స్ అడిగిన కంపెనీయే మరుసటి నెల కిలోకి రేటు తగ్గించమని మెయిల్ పెట్టేది. ఆ ఖర్చులో వాళ్ల వాటా ఎంతో కూడా షరతుల్లో ఉండాలి.

దేశం మొత్తాన్ని శిక్షించే పద్ధతికి మాత్రం నేను వ్యతిరేకిని. కంబోడియాలో హక్కుల ఉల్లంఘనలు జరుగుతున్నాయని యూరోపియన్ యూనియన్ 2020 ఆగస్టులో తను ఏకపక్షంగా ఇచ్చిన రాయితీల్లో కొంత భాగం వెనక్కి తీసుకుంది. యూరప్‌కి వెళ్లే కంబోడియా సరుకులో ఐదో వంతు దాని కిందికి వచ్చింది, బట్టలు కుట్టేవాళ్ల పని కూడా అందులోనే ఉంది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకులో చాలా భాగం మీద 50 శాతం సుంకం వేసింది. దానికీ హక్కులకీ సంబంధం లేదు, కానీ దెబ్బ ఎవరికి తగిలిందో చూశాను. మా వీధి చివర నుంచి రోజూ వెళ్లే పీలింగ్ వ్యాన్ వారానికి మూడు రోజులకి తగ్గిపోయింది.

దీని మీద సెమినార్ ఇవ్వబోతున్నానని రాశారు కదా. దానికి ముందు ఒక రోజు ఉదయం ఐదున్నరకి విశాఖలోని కూర్మన్నపాలెం జంక్షన్‌లో నిలబడండి. ఫ్యాక్టరీ వ్యాన్ల కోసం టిఫిన్ డబ్బాలతో ఆడవాళ్లు వస్తారు. జీతం తక్కువ పడితే ఎవరికి చెప్తారని వాళ్లని అడగండి. వాళ్లు చెప్పిన జవాబు పక్కన పెట్టుకుని ఆ కార్మిక అధ్యాయాలు చదవండి.