కేస్ షీట్లు చదవడం ఇష్టమైతే మెడికల్ కోడింగే చేయాలా?

ప్రశ్న: మాది ఖమ్మం. మా అమ్మాయి ఫార్మ్‌డీ (ఆరేళ్ళ ఫార్మసీ కోర్సు) ఐదో ఏడు. వార్డు పోస్టింగులో కేస్ షీట్లు చూసి ఏ మందు ఎవరికి పనిచేసిందో నోట్‌బుక్‌లో రాసుకోవడం తనకి పిచ్చి ఇష్టం, జీవితమంతా ఆ పనే చేస్తానంటుంది. మా మరిదేమో మెడికల్ కోడింగ్ నేర్పిస్తే వెంటనే జాబ్ అంటున్నాడు, తను అమెరికాలో ఎంఎస్ అంటుంది, లోన్ 30 లక్షలు దాటుతుందట. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీ మరిది గారు చెప్పింది తప్పు కాదు, కాకపోతే అది వేరే పని. కోడింగ్ అంటే ఎక్కువగా అమెరికా పేషెంట్ల చార్టులు ఇక్కడ కూర్చుని చదివి జబ్బుకో కోడు, చేసిన ప్రొసీజర్‌కో కోడు వేయడం, టైప్ 2 షుగర్ అయితే ఇ11తో మొదలయ్యేది, మామూలు బీపీ అయితే ఐ10, అలా. అదంతా ఇన్సూరెన్స్ బిల్లు కోసం. రోజుకి ఇన్ని చార్టులని టార్గెట్ ఉంటుంది, ఆ మనిషికి తర్వాత నయమైందా లేదా అని ఎవరూ అడగరు. ఇంట్లో డబ్బు అవసరం ఉంటే ఒక ఏడాది చేయనివ్వండి, చార్టు గబగబా చదవడం అయితే వస్తుంది. కానీ మీ అమ్మాయి నోట్‌బుక్‌లో రాసుకునే ప్రశ్నకి అక్కడ చోటు లేదు.

ఏ మందు ఎవరికి పనిచేసింది అన్న ఆ ప్రశ్న ఎపిడెమియాలజీ వాళ్ళది, అంటే జబ్బులు, మందుల ప్రభావం ఎంతోమంది మనుషుల లెక్కల్లో చూసేవాళ్ళది. మందుల కంపెనీల్లో అయితే రియల్ వరల్డ్ ఎవిడెన్స్ అంటారు. వయాక్స్ అని ఒక నొప్పి మాత్ర ఉండేది, 2004లో మార్కెట్ నుంచి తీసేశారు, దాని వల్ల గుండెపోట్లు పెరుగుతున్నాయని చూపించిన వాటిలో కాలిఫోర్నియాలో కైజర్ హాస్పిటళ్ళ సుమారు 14 లక్షల మంది రికార్డులు తిరగేసిన స్టడీ ఒకటి. మన దగ్గరా ఈ పని జరుగుతుంది, హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి వాళ్ళు ఐస్మార్ట్ అని సొంత రికార్డు సిస్టమ్ పెట్టుకుని అందులోంచే రీసెర్చ్ పేపర్లు రాస్తున్నారు.

ఇక్కడ కొంచెం ఎక్కువ చెప్తాను, ఈ ముక్క మీ అమ్మాయికి చదివి వినిపించండి. రికార్డు రాసింది రీసెర్చ్ కోసం కాదు. అమెరికాలో న్యుమోనియా పేషెంట్ల డేటా ఇచ్చి ఎవరికి ప్రాణాపాయం ఎక్కువో చెప్పమంటే కంప్యూటర్ ఏం చెప్పిందో తెలుసా, ఆస్తమా ఉన్నవాళ్ళు తక్కువ చనిపోతున్నారు అని. ఆస్తమా మంచిదా ఏంటి మరి? కాదు, ఆస్తమా అనగానే డాక్టర్లు భయపడి నేరుగా ఐసీయూలో పెట్టారు, అందుకని బతికారు. ఆ లెక్క నమ్మి ఉంటే ఆస్తమా వాళ్ళనే ముందు ఇంటికి పంపేసేవాళ్ళు! "ఈ మందు వాడినవాళ్ళు ఎక్కువమంది పోయారు" అన్నా అంతే, బాగా సీరియస్‌గా ఉన్నవాళ్ళకే ఆ మందు ఇచ్చారేమో ముందు చూడాలి.

మన రికార్డుల తంటాలు ఇంకా వేరు. ఓపీ చీటీ పేషెంటే ఇంటికి పట్టుకెళ్తాడు, మళ్ళీ వచ్చేటప్పుడు మర్చిపోయి కొత్త చీటీ రాయించుకుంటాడు, అంటే ఒకే మనిషి ఇద్దరు అయిపోతాడు. వయసు అడిగితే నలభై, నలభై అయిదు, యాభై, ఇలా రౌండు చేసి చెప్పడం మనకి అలవాటు. అన్నిటికంటే పెద్దది లామా, అంటే డాక్టర్లు వద్దన్నా పేషెంట్‌ని తీసుకెళ్ళిపోవడం. ఇక లాభం లేదనో డబ్బులు అయిపోయాయనో ఇంటివాళ్ళు సంతకం పెట్టి తీసుకెళ్ళిపోతారు, రెండు రోజులకి ఇంటి దగ్గర పోతాడు, హాస్పిటల్ లెక్కలో మాత్రం అది చావు కాదు. ఆ కేసుల్ని పక్కన పెట్టి డెత్ రేట్ తీస్తే ఏ వార్డు అయినా బ్రహ్మాండంగా కనిపిస్తుంది. ఇవి పట్టుకోగలిగిన పిల్లకి ఈ ఫీల్డులో విలువ, సాఫ్ట్‌వేర్ ఎవరైనా నేర్చుకుంటారు.

ఇప్పుడు ఏం చేయాలంటే, ఐదో ఏడులో ఎలాగూ ప్రాజెక్టు ఉంటుంది కదా, దాన్ని రికార్డుల మీదే పెట్టుకోమనండి, ఎథిక్స్ కమిటీ పర్మిషన్ తీసుకుని. ప్రశ్న చిన్నది చాలు. కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్ళకి మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మందు ఇవ్వకూడదు కదా, అది రాసిన వాళ్ళలో ఎంతమందికి ముందు క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూశారు, చూడని చోట నిజంగా చూడలేదా, లేక రిపోర్టు ఇంకో ఫైల్లో ఉండిపోయిందా? ఖాళీగా ఉన్న గడులు కూడా లెక్కపెట్టమనండి, నిజానికి అక్కడే సగం నేర్చుకుంటుంది. ఇంటి దగ్గర ఆర్ (R) అనే డేటా లెక్కల సాఫ్ట్‌వేర్ నేర్చుకోమనండి, ఫ్రీనే. బోస్టన్‌లోని ఒక హాస్పిటల్ పేషెంట్ల డేటాని పేర్లు తీసేసి ఎంఐటీ వాళ్ళు మిమిక్ అని పెట్టారు, అందులో 100 మంది పేషెంట్ల డెమో ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, మొత్తం డేటా కావాలంటే ఒక ట్రైనింగ్ పూర్తిచేసి అగ్రిమెంట్ మీద సంతకం పెట్టాలి.

తర్వాత ఎంపీహెచ్ (పబ్లిక్ హెల్త్‌లో పీజీ) కానీ బయోస్టాటిస్టిక్స్ (వైద్య డేటా లెక్కల చదువు) కానీ. హైదరాబాద్‌లో ఐఐపీహెచ్, సెంట్రల్ యూనివర్సిటీ ఉన్నాయి, బయట అయితే వెల్లూరు సీఎంసీ, తిరువనంతపురం శ్రీచిత్ర, చెన్నైలో ఐసీఎంఆర్ వాళ్ళ ఎపిడెమియాలజీ ఇన్‌స్టిట్యూట్. ఫార్మ్‌డీ వాళ్ళని ఎక్కడ తీసుకుంటారో ఆ ఏడాది నోటిఫికేషన్‌లోనే చూసుకోండి, సీనియర్లు చెప్పింది నమ్మి కూర్చోవద్దు. అమెరికా సంగతి ఆరో ఏడు ఇంటర్న్‌షిప్ అయ్యాక మాట్లాడదాం, అప్పటికి చేతిలో ఒక ప్రాజెక్టు ఉంటుంది, ఈ పని రోజంతా చేసినా విసుగు రావట్లేదా అన్నది తనకే తెలిసిపోతుంది. అది తెలియకుండా 30 లక్షల లోన్‌కి నేను ఓకే చెప్పను, మీకు కోపం వచ్చినా సరే.

ఇంకోటి, అడగలేదు కానీ చెప్తున్నా. పోస్టింగులో పిల్లలు కేస్ షీట్లు ఫోన్లో ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టుకుంటుంటారు, అందులో పేషెంట్ పేరు, ఫోన్ నంబరు, హెచ్ఐవీ రిపోర్టు అన్నీ ఉంటాయి. మీ అమ్మాయి ఫోన్లో అలాంటివి ఉంటే ఇవాళే తీసేయమనండి, నోట్‌బుక్‌లో కూడా పేర్లు రాసి ఉంటే కొట్టేసి నంబర్లు వేసుకోమనండి.