భాషలు, మతాలు యుద్ధాల వల్లే వ్యాపించాయా?

"కత్తి బలంతోనే మతాలు, భాషలు ప్రపంచమంతా పాకాయా?" అని అడిగారు. కొన్నిచోట్ల అవును. దక్షిణ అమెరికాలో స్పానిష్ పాతుకుపోయింది ఆక్రమణ వల్లే, ఆ గాయాన్ని తక్కువ చేసి చూడకూడదు. కానీ వ్యాపారం, వలసలు, పెళ్లిళ్లు చేసిన పని అంతకంటే లోతైనదని నా అభిప్రాయం.

మా విశాఖే చూడండి. భీమిలి బీచ్ రోడ్డు పక్కన తొట్లకొండ మీద దాదాపు 2000 ఏళ్ల నాటి బౌద్ధారామం ఉంది. స్తూపం, భిక్షువుల గదుల పునాదులు, నీళ్ల కోసం రాతిలో తొలిచిన తొట్లు ఇప్పటికీ కనిపిస్తాయి. తవ్వకాల్లో శాతవాహనుల నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలూ బయటపడ్డాయి. కొండ కింద సముద్రమే! ఆ కాలంలో వర్తకులు ఆరామాలకు దానాలిచ్చేవారు, భిక్షువులు వర్తకుల ఓడల్లోనే ప్రయాణించేవారు. సరుకుతో పాటు కథలు, దేవుళ్లు, లిపులు కూడా ఒడ్డు దాటాయి. కంబోడియాలోని ఖ్మేర్, ఇండోనేషియాలోని జావా లిపులకు మూలం మన పల్లవ లిపే.

అలా వచ్చినదాన్ని ఏ ఊరివాళ్లూ ఉన్నదున్నట్టు తీసుకోరు. ఇండోనేషియాలో అత్యధికులు ముస్లింలు, అయినా జావా తోలుబొమ్మలాటలో రామాయణ, భారత కథలు ఆడుతూనే ఉన్నారు. ఇక్కడ సింహాచలం గుడిలో తెలుగు శాసనాల సరసనే ఒడియా శాసనాలున్నాయి. పోర్టు దగ్గర పక్కపక్క కొండల మీద చర్చి, దర్గా, వెంకటేశ్వరస్వామి గుడి ఉన్నాయి. ఆ దర్గాకు హిందువులూ వెళ్లి మొక్కుకుంటారు.