కోళ్లు గూట్లకు పోతలేవా? రాత్రి టార్చ్ ఏసి చూడండి
పెరటి కోళ్లు: మీరు అడిగినయి, అక్క చెప్పినయి

అక్కా నమస్తే. మాది నకిరేకల్ దగ్గర పల్లె. 14 నాటుకోళ్లు, 5 వనరాజా కోళ్లు ఉన్నయి. 15 రోజుల సంది పొద్దుగూకినా గూట్లకు పోతలేవు, జామచెట్టు ఎక్కి కూసుంటున్నయి. గుడ్లు సగానికి పడిపోయినయి. ఒక పెట్టను పట్టుకుంటే చేతి మీద ఏదో పాకినట్టయింది. పేన్లేమో అని బూడిద చల్లిన, తగ్గలే. మా అత్తమ్మనేమో దిష్టి తగిలింది అంటుంది. ఏం చేయాలె?
– ఒక పాఠకురాలు, నల్లగొండ జిల్లా

చెల్లె, దిష్టి తీస్తే తీయనీ, అత్తమ్మ మాట ఎందుకు కాదనాలె, కానీ ఆ రాత్రే తొమ్మిదింటికి టార్చ్ పట్టుకొని గూడు కాడికి పో. కోళ్లు కూసునే కర్ర అడుగున చూడు, కర్రను తాడుతో కట్టిన కాడ చూడు, గుడ్లు పెట్టే గంప అల్లిక సందులల్ల చూడు.

ఎందుకు ఇంత గట్టిగ చెప్తున్న అంటే నాకు ఇదే అయింది. మా కోళ్లు ఇట్లనే గూడు వదిలి గోడ ఎక్కుతుంటే పిల్లి మరిగింది అనుకొని వారం రోజులు పిల్లి కోసం కాపలా కూసున్నం. ఆఖరికి తుమ్మకర్రకు కట్టిన సుతిలి తాడు విప్పితే దాని కింద మిరియాల పొడి పోసినట్టు ఉంది, చూస్తుండంగనే ఆ పొడి కదిలింది. బొటనవేలుతో నలిపితే వేలంతా నెత్తురు. ఆ రాత్రి మోచేతి దాక గోక్కుంటనే ఉన్న.

అది పేను కాదు, నల్లి జాతి, ఇంగ్లీషుల మైట్ అంటరు. మంచంల నల్లి వేరే, కానీ అది ఎట్ల చేస్తదో గట్లనే, పొద్దంత సందులల్ల దాక్కొని రాత్రి కోడి నిద్రపోయినంక ఎక్కి నెత్తురు తాగి తెల్లారేసరికి దిగిపోతది. అందుకే పగలు కోడిని ఎంత ఎతికినా కనబడదు. నెత్తురు తాగినంక ఎర్రగ ఉంటది, ఆకలి మీద ఉంటే బూడిద రంగు. మీ కోళ్లు 15 రోజుల సంది చెట్టు మీదనే ఉన్నయి కదా, కాబట్టి ఎర్రగ లేదని వదిలెయ్యకు. ఎండకాలంల గుడ్డు నుంచి పెద్ద పురుగు అయ్యేందుకు వారం పది రోజులు చాలు. ఇంకోటి, గూడు ఖాళీ పెడితే అదే చస్తది అనుకుంటరు చానామంది, చావదు, తిండి లేకుండ నెలల తరబడి ఉంటది.

పేను కథ వేరే. అది పుట్టుడు చచ్చుడు అంతా కోడి మీదనే, కిందపడితే వారం కూడ బతకదు. పట్టపగలు పెట్టను పట్టుకొని తోక కింద, గుడ్డు వచ్చే కాడ ఈకలు విడదీస్తే గడ్డి రంగుల సన్నగ ఉరుకుతయి, ఈక మొదట్ల తెల్లగ సగ్గుబియ్యం అంటినట్టు ఈపులు ముద్దలు ముద్దలుగ ఉంటయి. నీ చేతి మీద పాకింది ఇదే కావచ్చు, అంటే మీ గూట్ల రెండూ ఉండొచ్చు. ఇగ పగలు కూడ కోడి మీదనే ఉండే నల్లి ఇంకో రకం ఉంది, దానికి తోక కింది ఈకలు మసి పూసినట్టు నల్లగైతయి, అది ఉంటే కోడికీ చేయాలె గూటికీ చేయాలె.

నల్లికి ముందు గూడు. కర్రలు, గంపలు అన్నీ బయటకు తీయి, కింద ఉన్న గడ్డి, పెంట మొత్తం ఊడ్చి దూరంగ కాలబెట్టు. పాత తాళ్లు మళ్ల కట్టకు, అవి కూడ మంటలనే. కర్రల మీద సలసల మసిలే నీళ్లు పొయ్యి, ఎండల పెట్టు. గోడలు రాయివి, మట్టివి అయితే సందులు పూడ్చి సున్నం కొట్టు, బాగ ఆరినంకనే కోళ్లను తోలు. కర్ర చివర్లకు వేపనూనె రాయి. గోరువెచ్చని నీళ్లు లీటరుకు 10 మి.లీ. వేపనూనె, కొంచెం సబ్బునీళ్లు కలిపి సందులల్ల పిచికారి కొట్టినా మంచిదే, కానీ వేపనూనె ఒక్కటే అన్ని చంపుతది అని నేను చెప్పను, కడుగుడు కాలబెట్టుడే అసలు పని. రేకుల గూడు, చెక్క గూడు ఉన్నోళ్లు మంట జోలికి పోవద్దు, కిరోసిన్ అసలే వద్దు.

పేన్లకు, కోళ్లకు వాడొచ్చు అని లేబుల్ మీద రాసున్న పొడి పశువుల మందుల షాపుల అడుగు. ఒకరు కాళ్లు పట్టుకోవాలె, ఒకరు రెక్కల కింద, తోక కింద, మెడ ఈకలల్ల వేళ్లతోని లోపలిదాక రుద్దాలె, కండ్లల్ల ముక్కుల పడొద్దు, మీరు కూడ ముక్కుకు బట్ట కట్టుకోండి. పైపైన చల్లితే పైసలు దండగ. సూది మందో చుక్కల మందో ఎవరన్న చెప్తే పశువుల దవాఖానల అడగకుండ వాడకు, ఎన్నిరోజులు గుడ్లు తినొద్దో డాక్టరే చెప్పాలె.

ఇగ చానామంది ఆగేది ఇక్కడనే. మందు ఈపులను చంపదు. వారం పది రోజులకు అవి పగిలి పిల్లలు వస్తయి, అందుకే సరిగ్గ అప్పుడు ఇంకోసారి చేయాలె, గూడు కూడ ఇంకోసారి. క్యాలెండర్ మీద రాసి పెట్టుకో.

బూడిద తప్పు కాదు, నువ్వు చల్లిన తీరు తప్పు. కోడి తనంతట తానే పొర్లాలె. పొడి మట్టి, ఇసుక, జల్లెడ పట్టిన పొయ్యి బూడిద కలిపి నీడల ఒక పాత టైరుల పొయ్యి, అవే వచ్చి పొర్లుతయి. వాన పడకుండ చూస్కో, తడిసిన బూడిద కోడి చర్మాన్ని మండిస్తది.

పొదుగు మీద పెట్ట ఉంటే దానికి ముందు చెయ్యి. 21 రోజులు కదలకుండ కూసుంటది కదా, పేన్లకు పండుగే. పిల్లలు దిగంగనే తల్లి పేన్లు వాటి నెత్తికి ఎక్కుతయి, మనమేమో పిల్లలు తూగి తూగి చస్తున్నయి, రోగం వచ్చింది అనుకుంటం.

అక్కా, మా పుంజు కాళ్లు పొలుసులు లేచి సున్నం పూసినట్టు గరుకు అయినయి. కాలిన ఇంజన్ ఆయిల్ రాయమంటున్నరు.
– కల్వకుర్తి నుంచి

వద్దన్నా. అది పొలుసుల కింద దూరే కంటికి కనబడని పురుగు. గోరువెచ్చని సబ్బునీళ్లల్ల కాళ్లు నానబెట్టి పాత టూత్ బ్రష్‌తోని మెల్లగ రుద్దు, ఆరినంక వ్యాజలైన్ లేకుంటే కొబ్బరినూనె మందంగ పట్టియ్యి, దానికి గాలి ఆడక చస్తది. రెండు మూడు రోజులకోసారి, మూడు నాలుగు వారాలు. పొలుసు గోరుతోని పీకొద్దు, నెత్తురు వస్తది. కాలు నున్నగ అయ్యేందుకు నెలలు పడతది, తొందర పడకు.

పత్తికి కొట్టిన ఫిప్రోనిల్ సీసాల కొంచెం మిగిలింది, గూట్ల కొట్టొచ్చా?
– మునుగోడు రైతు

కొట్టొద్దు అన్నా. 2017ల యూరప్‌ల ఇదే నల్లి కోసం కోళ్ల షెడ్లల్ల ఇదే మందు కొట్టిన్రు, అది గుడ్లల్లకు దిగింది, లక్షల గుడ్లు పారబోసిన్రు. మనోళ్లు ఒకప్పుడు గమాక్సిన్ అనే పురుగుమందు పొడి పిడికిళ్లతో చల్లేటోళ్లు, దాన్నే బీహెచ్‌సీ అంటరు, దాన్ని 1997లనే మన దేశంల బంద్ చేసిన్రు. చేన్ల మందు చేనుకే.

కోడి పేన్లు పిల్లల తలకు పడతయా?
– జడ్చర్ల

పడవమ్మా. చేతుల మీద పాకుతయి, రాత్రి నల్లి కుట్టి దద్దుర్లు కూడ వస్తయి, కానీ మన తలల కాపురం పెట్టవు. మీ పాప తలల ఉన్నయంటే బడిల పక్క పిల్ల నుంచి వచ్చి ఉంటయి, పేన్ల దువ్వెన తీయండి.