చమురు, ఓటు, రొయ్య: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: ఎక్కడో ఉక్రెయిన్‌లో యుద్ధం జరుగుతుంటే, మరెక్కడో అమెరికాలో అధ్యక్షుడు మారితే, 2025లో మా రొయ్యల ధర ఎందుకు పడిపోయింది?
– ఒక రొయ్యల రైతు, భీమవరం

జవాబు: మీ చెరువుకూ ఆ యుద్ధానికీ మధ్య ఉన్న లంకె ముడిచమురు. 2022 ఫిబ్రవరి 24న రష్యా ఉక్రెయిన్‌పై దండెత్తిన కొద్ది రోజులకే అంతర్జాతీయ ధరలకు కొలమానమైన బ్రెంట్ రకం చమురు పీపా ధర ఒక దశలో 130 డాలర్లు దాటింది. రష్యా చమురును మార్కెట్టుకు రాకుండా పూర్తిగా ఆపేస్తే ధరలు ఇంకా మండి సొంత ఓటర్లే తిరగబడతారని జి-7 (అమెరికా, జపాన్ తదితర ఏడు సంపన్న దేశాల కూటమి) ప్రభుత్వాలకు తెలుసు. అందుకే అదే ఏడాది డిసెంబరులో పీపాకు 60 డాలర్ల గరిష్ఠ ధర నిర్ణయించి, అంతకు మించకుండా అమ్మితేనే తమ ఓడలనూ బీమానూ వాడుకోనిస్తామన్నాయి. ఐరోపా వదిలేసిన ఆ చమురును తగ్గింపు ధరకు మనం కొన్నాం. యుద్ధానికి ముందు మన చమురు దిగుమతుల్లో 2 శాతం కూడా లేని రష్యా వాటా రెండేళ్లు తిరిగేసరికి మూడో వంతుకు చేరింది. బైడెన్ ప్రభుత్వం దీనికి పెద్దగా అడ్డు చెప్పలేదు.

2024 నవంబరులో ట్రంప్ గెలవడంతో లెక్క మారింది. యుద్ధాన్ని 24 గంటల్లో ఆపిస్తానని ప్రచారంలో చెప్పిన ఆయన, నెలలు గడిచినా ఆపించలేక, రష్యా చమురు కొనేవారి మీదికి దృష్టి మళ్లించారు. అప్పటికే 25 శాతం సుంకం పడిన మన సరుకులపై 2025 ఆగస్టు 27 నుంచి మరో 25 శాతం విధించారు. అంతకుముందే ఉన్న యాంటీ డంపింగ్ (మరీ చవకగా అమ్ముతున్నారంటూ వేసేది) తదితర సుంకాలతో కలిపి రొయ్యలపై భారం 58 శాతం దాకా వెళ్లింది. పోటీదారైన ఈక్వెడార్‌పై ట్రంప్ వేసిన సుంకం మాత్రం 15 శాతమే. మన రొయ్యలకు అతిపెద్ద మార్కెట్టు అమెరికాయే కాబట్టి, అక్కడికి ఎక్కువగా వెళ్లే పెద్ద సైజు రొయ్యలకు దెబ్బ గట్టిగా తగిలింది. ఎగుమతిదారు తన మీద పడిన భారాన్ని చెరువు గట్టు దగ్గర ధర తగ్గించి రైతు మీదికి నెట్టాడు. చైనా రష్యా చమురును మనకన్నా తక్కువేమీ కొనలేదు. అయినా ఆ కారణంతో దానిపై సుంకం పడలేదు. అరుదైన ఖనిజాల సరఫరా దాని గుప్పిట్లో ఉండటమే ఇందుకు కారణమని నా అభిప్రాయం.

ప్రశ్న: ఎన్నికలు యుద్ధాన్ని ఆపగలవా? లేక యుద్ధమే ఎన్నికలను ఆపుతుందా?
– ఒక డిగ్రీ విద్యార్థిని, వరంగల్

జవాబు: రెండో దానికి జవాబు తేలిక. మార్షల్ లా (యుద్ధకాలపు అత్యవసర చట్టం) అమల్లో ఉండగా ఉక్రెయిన్ చట్టం ఎన్నికలను అనుమతించదు. అందువల్ల జెలెన్‌స్కీ అయిదేళ్ల గడువు 2024 మేలో తీరినా ఆయనే కొనసాగారు. రష్యాలో మాత్రం 2024 మార్చిలో ఎన్నికలు జరిగాయి, పుతిన్‌కు 87 శాతం ఓట్లు వచ్చినట్టు ప్రకటించారు. యుద్ధాన్ని వ్యతిరేకించిన అభ్యర్థిని బరిలోకే రానివ్వని పోటీని ఎన్నిక అనాలో లేదో మీరే ఆలోచించండి.

మొదటి ప్రశ్నకు చరిత్ర ఇచ్చే సమాధానం అంత ఆశాజనకంగా లేదు. వియత్నాం యుద్ధం వల్ల పరపతి కోల్పోయిన అమెరికా అధ్యక్షుడు జాన్సన్ 1968 మార్చిలో పోటీ నుంచి తప్పుకున్నారు, నిక్సన్ గెలిచారు. అయినా అమెరికా సేనలు పూర్తిగా వైదొలగడానికి 1973 దాకా పట్టింది. జర్మనీ ఉదంతం ఇంకా విచిత్రమైనది. ఉక్రెయిన్ సాయానికి డబ్బు ఎక్కడి నుంచి తేవాలన్న తగాదా కూడా తోడై 2024 నవంబరులో అక్కడి సంకీర్ణం కూలింది. అప్పుల మీది రాజ్యాంగ పరిమితిని సమర్థిస్తూ ప్రచారం చేసిన ప్రతిపక్ష నేత మెర్జ్, 2025 ఫిబ్రవరిలో గెలిచిన కొద్ది వారాలకే రక్షణ వ్యయానికి ఆ పరిమితిని సడలించే సవరణను ముందుకు తెచ్చారు. కొత్త సభలో మూడింట రెండు వంతుల బలం కుదరదని తెలిసి, దిగిపోతున్న పాత సభ చేతనే దాన్ని ఆమోదింపజేశారు!

ప్రశ్న: పొద్దుతిరుగుడు నూనె ధరకూ ఈ యుద్ధమే కారణమా?
– ఒక గృహిణి, ఖమ్మం

జవాబు: 2022లో చాలావరకు అదే. మనం దిగుమతి చేసుకునే పొద్దుతిరుగుడు నూనెలో అధిక భాగం ఉక్రెయిన్‌దే కావడంతో, నల్లసముద్రపు రేవులు మూతపడగానే కొరత వచ్చింది. సరిగ్గా అప్పుడే, ఏప్రిల్ చివర్లో, ఇండొనేసియా తన ప్రజలకు నూనె చవకగా అందించాలని పామాయిల్ ఎగుమతులను మూడు వారాలకు పైగా నిలిపివేయడం మంటకు ఆజ్యమైంది. ఆ తర్వాత ధరలు దిగాయి కానీ, అమ్మేవారు మారారు. ఇప్పుడు మనకు పొద్దుతిరుగుడు నూనెను అందరికన్నా ఎక్కువగా పంపుతున్నది రష్యా.