మళ్ళీ మళ్ళీ పూసే డే లిలీ: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల అందిన ఉత్తరాల్లో డే లిలీ అనే పూల మొక్క గురించి అడిగినవే ఎక్కువగా ఉన్నాయి. అమెరికాలో స్థిరపడిన పాఠకుల నుంచి వచ్చినవి కొన్నయితే, ఇక్కడ కుండీల్లో పెంచుతున్నవారు రాసినవి మరికొన్ని. ఒకే విషయం అడిగిన ఉత్తరాలను కలిపి జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: మా ఇంటి ముందు నాలుగేళ్ళ క్రితం స్టెల్లా డి ఓరో రకం డే లిలీలు వరుసగా నాటాము. మొదటి రెండేళ్ళు జూన్‌లో మొదలై అక్టోబరు దాకా విడతలు విడతలుగా పూసాయి. ఇప్పుడు జూన్‌లో ఒక్కసారి పూసి ఊరుకుంటున్నాయి. ఆకు మాత్రం ఏపుగా ఉంది. కారణం ఏమిటి? (న్యూజెర్సీ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: మీ మొక్కలకు జబ్బేమీ లేదు, దుబ్బు ముదిరింది. డే లిలీ పువ్వు ఒక్క రోజే ఉంటుందన్న సంగతి మీకు తెలిసినదే. ఒక్కొక్క పూకాడకు పది నుంచి ఇరవై దాకా మొగ్గలుండి, అవి రోజుకు ఒకటి రెండు చొప్పున విచ్చుకోవడం వల్ల పూత వారాల తరబడి సాగుతుంది. ఆ మొగ్గలన్నీ అయిపోయిన పూకాడ మళ్ళీ పూయదు. రెండో విడత పూత రావాలంటే దుబ్బులో కొత్త పూకాడలు లేవాలి, అందుకు కొత్త పిలకలు బలంగా ఎదగాలి. నాలుగేళ్ళలో పిలకలు ఒకదానినొకటి ఒత్తుకుంటూ గుంపు కట్టినప్పుడు, ఉన్న తేమ, పోషకాలు మొదటి పూతకే సరిపోతాయి, ఆ పైన మిగిలినది ఆకులకు పోతుంది. ఇండియానా రాష్ట్రంలో వాల్టర్ జబ్లోన్‌స్కీ సృష్టించి 1975లో నమోదు చేసిన ఈ స్టెల్లా డి ఓరో చాలా వేగంగా పిలకలు వేసే రకం. దీనిని మూడేళ్ళకొకసారి విడదీయక తప్పదు.

మీ ప్రాంతంలో ఈ పనికి ఆగస్టు చివర, సెప్టెంబరు మొదటి వారాలు అనువైనవి. నేల గడ్డకట్టడానికి ముందు వేళ్ళు కుదురుకునేందుకు కనీసం ఆరు వారాలైనా ఉండాలి. ముందురోజు నీళ్ళు పెట్టి, దుబ్బు చుట్టూ జానెడు దూరంలో గడ్డపారతో లోతుగా తవ్వి మొత్తంగా పైకి ఎత్తండి. మట్టి దులిపి, గొట్టంతో నీళ్ళు కొట్టి కడిగితే పిలకలు దేనికది ఎక్కడ అతుక్కుని ఉన్నదీ కనిపిస్తుంది. చేత్తో అటూ ఇటూ ఆడిస్తూ లాగితే చాలావరకు వాటంతట అవే విడిపోతాయి, మొండికేసిన చోట మాత్రమే కత్తి వాడాలి. మెత్తబడిన వేళ్ళు, గోధుమరంగుకు తిరిగి బోలుగా మారిన వేళ్ళు కత్తిరించి పారేయండి. రెండు మూడు పిలకల చొప్పున ఒక్కో మొక్కగా తీసుకుని, ఆకులను జానెడు ఎత్తుకు కోసి, గుంటలో చిన్న మట్టి దిబ్బ చేసి, వేళ్ళను దాని చుట్టూ పరిచి నాటాలి. ఆకు మొదట్లో తెలుపు పచ్చగా మారే గీత ఒకటి ఉంటుంది. ఆ గీత మట్టికి సుమారు ఒక అంగుళం కిందికి ఉండేలా చూసుకోవాలి. అంతకంటే లోతుగా నాటితే మొక్క బతుకుతుంది కానీ పూత తగ్గిపోతుంది. మొక్కకూ మొక్కకూ అడుగున్నర ఎడం ఇవ్వండి.

విడదీయడంతో పని పూర్తి కాదు. మన వాళ్ళు పెరట్లో గోంగూర మడికి, బెండ మొక్కలకు ఆగస్టు ఎండలోనూ వదలకుండా నీళ్ళు పెడతారు కానీ, పూల మొక్క దగ్గరకు వచ్చేసరికి ‘పూత అయిపోయింది కదా’ అని చెయ్యి దులుపుకుంటారు. మళ్ళీ పూసే డే లిలీ విషయంలో అసలు సంరక్షణ మొదలు కావలసినది సరిగ్గా అప్పుడే. మొదటి విడత పూకాడలు ఎండగానే వాటిని మొదలుకంటా కోసి, పిడికెడు కంపోస్టు వేసి, వానలు లేని వారాల్లో వారానికి ఒక అంగుళం వాన కురిసినంత నీళ్ళు పెడితే, నెలా నెలన్నర తర్వాత కొత్త కాడలు తలెత్తుతాయి. పచ్చికకు వేసే ఎరువులో నత్రజని ఎక్కువగా ఉంటుంది కనుక అది పక్కన ఉన్న ఈ మొక్కలకు తగలకుండా చూడండి, మీరు రాసిన ఏపు ఆకులకు అది కూడా ఒక కారణం కావచ్చు. నాలుగేళ్ళలో దగ్గరి చెట్టు పెరిగి నీడ పడుతున్నదేమో కూడా ఒకసారి గమనించండి. రోజుకు ఆరు గంటల ఎండ లేనిచోట రెండో పూత ఆశించలేము.

ఒక హెచ్చరిక: లేబుల్ మీద ‘రీబ్లూమర్’ (మళ్ళీ పూసేది) అని ఉండడం హామీ కాదు. ఆ రకాన్ని సృష్టించినవారు తమ తోటలో చూసిన దానిని బట్టి అలా నమోదు చేస్తారు. అమెరికా దక్షిణాదిలోని దీర్ఘమైన వేసవిలో రెండుసార్లు పూసిన రకం, మంచు త్వరగా పడే ఉత్తరాది రాష్ట్రాల్లో ఒక్కసారితో సరిపెట్టుకోవచ్చు. కొత్తగా కొనేటట్లయితే మీకు దగ్గరి తోటల్లో రెండోసారి పూస్తున్న రకాన్ని చూసి కొనడం మేలు. స్టెల్లా సంతతికే చెందిన లేత నిమ్మపండు రంగు హ్యాపీ రిటర్న్స్, డారెల్ యాప్స్ 1986లో నమోదు చేసినది, మీ వాతావరణానికి నప్పుతుంది. ముదురు పసుపు కంటే ఆ లేత రంగు మిగతా పూలతో బాగా కలుస్తుందని మా అభిప్రాయం.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో తెప్పించి బాల్కనీలో కుండీల్లో వేసిన డే లిలీలు ఏడాది దాటినా పూయలేదు. మన వాతావరణంలో ఇవి పూస్తాయా? (హైదరాబాద్)

జవాబు: పూస్తాయి, అయితే ముందుగా మీకు వచ్చినది డే లిలీయేనా అన్నది నిర్ధారించుకోండి. లిల్లీ అన్న పేరుతో వాన లిల్లీ మొదలు మే నెలలో బంతిలా పూసే ఫుట్‌బాల్ లిల్లీ దాకా అన్నీ అమ్ముతున్నారు. డే లిలీకి ఉల్లిగడ్డ వంటి దుంప ఉండదు, లావుపాటి వేళ్ళ గుత్తి ఉంటుంది. ఆకులు రెండు వరుసలుగా ఎదురెదురుగా లేచి విసనకర్రలా విచ్చుకుంటాయి, ఒక్కో ఆకు నడిమి ఈనె వెంబడి మడత పడి ఉంటుంది.

నిజంగా డే లిలీయే అయితే, అది ఏ తరగతిదో చూడాలి. చలికాలంలో ఆకు పూర్తిగా రాల్చి నిద్రపోయే రకాలు ఉన్నాయి, ఏడాది పొడవునా పచ్చగా ఉండేవీ ఉన్నాయి. మొదటి తరగతిలో చాలా రకాలు హైదరాబాద్ చలి చాలక ఏటేటా నీరసిస్తాయి. పైన చెప్పిన స్టెల్లా డి ఓరో ఆ తరగతిదే కనుక, ఎంత పేరున్నదైనా మీరు దానికోసం వెతకవద్దు. సతతహరిత రకాలను అడిగి తీసుకోండి. ఒకే పిలకగా వచ్చిన మొక్క కుదురుకోవడానికి మొదటి ఏడాది పోతుంది కాబట్టి మరో ఏడాది ఓపిక పట్టవచ్చు. కుండీ కనీసం పన్నెండు అంగుళాల వెడల్పు ఉండాలి. రెండు పాళ్ళ ఎర్రమట్టికి ఒక పాలు మాగిన పశువుల ఎరువు, ఒక పాలు ఇసుక కలిపి నింపండి. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నపు ఎండ తగలకుండా జరపండి. వానాకాలంలో కుండీ కింది పళ్ళెం తీసేయండి. వేడిలో తడి నిలిచిందంటే మొదలు కుళ్ళి పిలక చేతికి ఊడి వస్తుంది.

ప్రశ్న: పూలు రాలాక కాయలు కడుతున్నాయి. ఆ గింజలు వేస్తే అదే పువ్వు వస్తుందా? (బెంగళూరు)

జవాబు: రాదు. సంకర రకం గింజ నుంచి వచ్చే మొక్క తల్లిని పోలి ఉంటుందన్న నమ్మకం లేదు, పూయడానికీ రెండు మూడేళ్ళు పడుతుంది. ప్రయోగం మీద ఆసక్తి ఉంటే ఒకటి రెండు కాయలు ఉంచి, మిగిలినవి పిందెగా ఉన్నప్పుడే తుంచేయండి, లేకపోతే మొక్క బలమంతా గింజకే పోతుంది. వాడిన పువ్వు రేకలు మాత్రమే కాకుండా దాని అడుగున ఉన్న ఆకుపచ్చ బుడిపెతో సహా తీయాలి, పక్కనే ఉన్న రేపటి మొగ్గ విరగకుండా చూసుకోవాలి. కొన్నిసార్లు పూకాడ కణుపు దగ్గర చిన్న పిల్లమొక్క పుడుతుంది. దానిని కాడ ముక్కతో సహా కోసి మట్టిలో గుచ్చితే వేళ్ళు వేస్తుంది, అది అచ్చంగా తల్లి రకమే.

ప్రశ్న: ఆకుల మీద నారింజరంగు పొడి కనిపిస్తోంది. ఎరువు లోపమా? (హ్యూస్టన్)

జవాబు: ఎరువు లోపం కాదు, శిలీంధ్రం వల్ల వచ్చే తుప్పు తెగులు. అమెరికాలో ఇది 2000లో మొదటిసారి కనిపించింది. తెల్లటి కాగితంతో ఆకు అడుగుభాగాన్ని రుద్ది చూడండి. నారింజ మరక అంటితే తుప్పు తెగులే, మరక లేకుండా ఈనె వెంబడి పసుపు చారలు మాత్రమే ఉంటే అది వేరే ఆకుచార తెగులు. మీ ప్రాంతంలో చలికాలమంతా ఆకు పచ్చగానే ఉంటుంది కనుక శిలీంధ్రానికి ఆశ్రయం దొరుకుతుంది. తెగులు సోకిన ఆకులను మొదలుకంటా కోసి సంచిలో కట్టి పారేయండి, కంపోస్టులో వేయవద్దు. శిలీంధ్రం పట్టుకోవడానికి ఆకు కొన్ని గంటలపాటు తడిగా ఉండాలి, అందువల్ల పైనుంచి చల్లకుండా తెల్లవారుజామున మొదట్లో నీళ్ళు పెట్టండి. అజాక్సీస్ట్రోబిన్ అనే శిలీంధ్రనాశిని ఉన్న మందు కొత్త ఆకును కాపాడుతుంది కానీ పాత మచ్చలను పోగొట్టదు. కొత్త మొక్క కొంటే కొన్ని వారాలు విడిగా ఉంచిన తర్వాతే మిగతా వాటి దగ్గర నాటండి.

ప్రశ్న: చైనా వంటల్లో డే లిలీ మొగ్గలు తింటారు కదా, అలాంటప్పుడు పిల్లి ఉన్న ఇంట్లో పెంచవద్దని ఎందుకంటారు? (డాలస్)

జవాబు: మనిషికి సరిపడినది పిల్లికి సరిపడాలని లేదు. చైనాలో ఎండబెట్టిన మొగ్గలను సూపుల్లో, కూరల్లో వేయడం పాత అలవాటే. అదే మొక్క ఏ భాగమైనా, పుప్పొడి సహా, పిల్లి కడుపులోకి వెళితే మూత్రపిండాలు పాడవుతాయి, ఆలస్యమైతే ప్రాణం దక్కదు. మీ పిల్లి ఆకు కొరికినట్లు అనుమానం వచ్చినా, వాంతులు మొదలయ్యేదాకా చూడకుండా ఆ గంటలోనే పశువైద్యుని దగ్గరకు తీసుకుపోవాలి. పిల్లి ఇంట్లోనే తిరిగేదైతే మొక్కలను పెరట్లో పెంచుకోవచ్చు, పూలను మాత్రం కోసి లోపలి వాజులో పెట్టవద్దు. బయట తిరిగే పిల్లి అయితే ఈ మొక్క మానుకుని జినియాలు వేసుకోండి.