విల్లు కొనేముందు మీ చేతులు కొలుచుకోండి

"అన్నా, హెచ్-1బి మీద అమెరికా వచ్చి ఏడాదైంది. ఆఫీసులో ఇద్దరు ఏటా జింకల వేటకి వెళ్తారట, ఈసారి నన్నూ రమ్మంటున్నారు. మిగతా రోజుల్లో రేంజికెళ్ళి గురి చూసి కొట్టుకుందామనీ ఉంది. రెండిటికీ పనికొచ్చే కాంపౌండ్ బో ఏ కంపెనీది తీసుకోమంటావ్?"

కాస్త అటూ ఇటూగా ఈ ప్రశ్న నాకు ఏటా వస్తుంది. కంపెనీ సంగతి చివర్లో, ఒక్క ముక్కలో చెప్తాను. అంతకంటే ఎక్కువ దానికి అక్కర్లేదు.

ముందు వీసా భయం తీర్చుకుందాం. నాన్-ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ దగ్గర పెట్టుకోకూడదని ఫెడరల్ చట్టం. హంటింగ్ లైసెన్సు ఉన్నవాళ్ళకి మినహాయింపు లాంటివి ఉన్నాయి గానీ, ఆ గొడవ మనకి వద్దు. విల్లు ఆ చట్టం లెక్కలో ఫైర్‌ఆర్మ్ కాదు. అలాగని రూల్స్ లేవనుకోకండి. వేట లైసెన్సు, సీజను తేదీలు, జింకని కొట్టాలంటే విల్లుకి ఉండాల్సిన కనీస పౌండ్లు (అంటే నారి లాగడానికి పట్టే బలం), ఇవన్నీ రాష్ట్రానికో రకం. కొన్నిచోట్ల విల్లు వేటకని వేరే క్లాసు పాసవ్వాలి. మీ రాష్ట్రం వైల్డ్‌లైఫ్ శాఖ ఏటా వేసే నిబంధనల పుస్తకం చదవండి, ఆఫీసు మిత్రుల మాట మీద వెళ్ళకండి. పెరట్లో కొట్టొచ్చా లేదా అన్నది ఊరి ఆర్డినెన్సు చెప్తుంది. స్టూడెంట్లైతే ఇంకో సంగతి: చాలా క్యాంపస్‌ల నిబంధనల్లో విల్లు ఆయుధాల జాబితాలోనే ఉంటుంది.

ఇక విల్లు. మామూలు విల్లుని లాగేకొద్దీ బరువు పెరుగుతూనే పోతుంది, పూర్తిగా లాగి పట్టుకున్న క్షణంలోనే చెయ్యి వణుకుతుంది. కాంపౌండ్ బోకి రెండు కొసలా క్యాములు, అంటే నారి చుట్టుకునే చక్రాలు ఉంటాయి. మధ్యదాకా కొండెక్కినట్టు బరువు, ఆ తర్వాత ఒక్కసారిగా లోయలో దిగినట్టు తేలిక. మిస్సోరీకి చెందిన హోలెస్ విల్బర్ ఆలెన్ అనే ఆయన దీనికి 1969లో పేటెంటు పొందాడు. ఆ తేలికనే లెట్-ఆఫ్ అంటారు. 60 పౌండ్ల విల్లుకి 80 శాతం లెట్-ఆఫ్ ఉంటే, చివర్లో మీరు పట్టుకునేది 12 పౌండ్లే. జింక చెట్టు చాటునుంచి బయటికి వచ్చేదాకా వింటినారి లాగి పట్టుకుని ఆగగలగడం దీని పుణ్యమే.

ఇందులో ఒక చిక్కుంది. ఆ లోయకి గట్టి అడుగు ఉంటుంది, అక్కడిదాకానే లాగగలం. ఆ దూరమే డ్రా లెంగ్త్. అది మీ చేతులకి సరిపోవాలి తప్ప, మీ చేతులు దానికి సరిపోవు. రెండు చేతులూ గోడకి చాపి, మధ్యవేలి కొసనుంచి కొసకి ఎన్ని అంగుళాలో కొలిపించండి, దాన్ని 2.5తో భాగించండి. చాపితే 67 అంగుళాలొచ్చే మనిషికి దాదాపు 27. ఇది మొదలుపెట్టడానికి పనికొచ్చే లెక్క, అంతే. విల్లు లాగినప్పుడు నారి మీ ముక్కుకొసకి, నోటిమూలకి ఆనుతోందా, నడుం వెనక్కి వంగుతోందా అన్నది పక్కనుంచి ఇంకొకరు చూడాలి.

నా మొదటి విల్లు సెకండ్‌హ్యాండ్‌ది. 29 అంగుళాలు, 70 పౌండ్లు. నా కొలత 27. అమ్మినాయన "రెండంగుళాలేగా, అలవాటైపోతుంది" అన్నాడు, నేనూ నమ్మాను. మొదటి వారంలోనే ఎడమ మోచేతి కింద నేరేడుపండు రంగులో ఇంత కమిలింది. వదిలిన ప్రతిసారీ నారి చేతికి కొరడాలా తగిలేది. నెల తిరిగేసరికి దెబ్బ తగలకముందే చెయ్యి దానంతటదే పక్కకి జరగడం నేర్చుకుంది, బాణాలు దానితోపాటే పక్కకి పోయాయి. ఆ జంకు వదలడానికి ఆర్నెల్లు పట్టింది. అందుకే షాపులో అడగాల్సిన మొదటి మాట, "ఈ క్యాములో డ్రా లెంగ్త్ ఎంతనుంచి ఎంతదాకా మార్చుకోవచ్చు?" చాలావాటిలో క్యాముకున్న మాడ్యూలు తిప్పితే అర అంగుళం చొప్పున మారుతుంది. కొన్నిటికి మాడ్యూలో క్యామో వేరే కొనాలి, అలాంటి విల్లు సెకండ్‌హ్యాండ్‌లో కొన్నా మనకి చవక కాదు.

పౌండ్ల దగ్గర మగవాళ్ళకి పౌరుషం అడ్డొస్తుంది. పక్కవాడు 70 లాగుతుంటే మనం 50 అనడానికి నామోషీ. నేను పెట్టే పరీక్ష ఇది: కుర్చీలో కూర్చోండి, పాదాలు నేలకి ఆనకుండా కాస్త లేపండి, విల్లుని సూటిగా గురివైపే ఉంచి లాగండి. లాగడానికి విల్లుని ఆకాశంవైపు ఎత్తాల్సి వస్తే ఆ బరువు మీకు ఎక్కువ. రేంజిలో ఒళ్ళు వెచ్చబడ్డాక లాగడం వేరు. తెల్లారకముందు చెట్టుమీద మంచె ఎక్కి కూర్చుని, మూడు గంటలు చలికి బిగుసుకుపోయి, బొంతలాంటి జాకెట్టులో, జింక చూస్తుండగా చప్పుడు కాకుండా లాగడం వేరు. మామూలు కట్టు ఉన్న పెద్దవాళ్ళు 50 దగ్గర మొదలుపెడితే మంచిది. 60 పౌండ్ల విల్లుని లింబు (పిడికి పైనా కిందా వంగే కొమ్మ) బోల్టులు వదులుచేసి సాధారణంగా 50 దాకా దించొచ్చు, రెండు బోల్టులూ సమానంగా తిప్పాలి, కంపెనీ చెప్పిన చుట్లు దాటకూడదు. బలం వచ్చేకొద్దీ బిగించుకుంటూ పోతారు. వరల్డ్ ఆర్చరీ పోటీల్లో కాంపౌండ్‌కి గరిష్ఠ పరిమితే 60 పౌండ్లు. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో వెన్నం జ్యోతి సురేఖ మూడు స్వర్ణాలు కొట్టింది ఆ పరిమితిలోనే. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో కాంపౌండ్ మిక్స్‌డ్ టీమ్ కూడా ఉంటుంది, అప్పుడు చూద్దురుగాని.

పెట్టెమీద వేసే స్పీడు చూసి మురిసిపోకండి. సెకనుకి 340 అడుగులు అని రాస్తే, అది 70 పౌండ్లు, 30 అంగుళాలు, 350 గ్రెయిన్ల (బాణాల బరువుకి వాడే చిన్న కొలత) తేలికపాటి బాణంతో వచ్చిన లెక్క. ఒక అంగుళం తగ్గితే సుమారు పది అడుగులు పోతాయి. మీ 27 అంగుళాలకి, 55 పౌండ్లకి, వేటకి వాడే 400 గ్రెయిన్ల బాణానికి అదే విల్లు 260 దరిదాపుల్లో ఉంటుంది. జింకకి అది చాలు. పైగా స్పీడు కోసం చేసిన విల్లుకి బ్రేస్ హైట్ తక్కువ, అంటే నారికీ పిడికీ మధ్య దూరం తక్కువ. బాణం ఎక్కువసేపు నారినే అంటిపెట్టుకుని ఉంటుంది, మీ చేతి తప్పులన్నీ దానికి అంటుకుంటాయి. 6.5 నుంచి 7 అంగుళాలున్నది కొత్తవాళ్ళని క్షమిస్తుంది.

రెండు పనులకీ ఒకటే కుదురుతుందా? మొదటి రెండేళ్ళూ కుదురుతుంది. క్యాము ఇరుసునుంచి ఇరుసుకి ఉన్న పొడవు వేట విల్లుల్లో 28 నుంచి 33 అంగుళాలు, పొదల్లో తట్టుకోకుండా. గురి పోటీలవాళ్ళు 36 పైబడి వాడతారు, పొడవాటి విల్లు చేతిలో నిలకడగా ఉంటుంది కాబట్టి. 32, 33 దగ్గర ఒకటి తీసుకుంటే రెండిటికీ సర్దుకుంటుంది. విల్లు కదలకుండా ముందు బిగించే కడ్డీ, అదే స్టెబిలైజరు, రేంజికి పొడుగుది, వేటకి పొట్టిది. 50 మీటర్ల పోటీకి దిగాలని మనసు పడినరోజున రెండోది కొందురు.

బాణాల దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. బాణం ఎంత బిగుసో చెప్పే అంకెని స్పైన్ అంటారు, అంకె తగ్గేకొద్దీ బాణం గట్టి: 500 మెత్తన, 340 గట్టి. మీ పౌండ్లు, బాణం పొడవు, ములికి బరువు చూసి కంపెనీ చార్టులో ఎంచుకోవాలి. పౌండుకి కనీసం 5 గ్రెయిన్ల బరువుండాలి, అంతకంటే తేలికైతే విల్లుకే దెబ్బ. కార్బన్ బాణాన్ని వాడే ముందు ప్రతిసారీ రెండు చివరలా పట్టుకుని, మొహానికి దూరంగా కాస్త వంచి తిప్పుతూ చెవి పెట్టండి. చిటపటమంటే విరిచి చెత్తబుట్టలో వెయ్యండి. పగులున్న బాణం వదిలేటప్పుడు పేలి పట్టుకున్న చేతిలోనే గుచ్చుకోవచ్చు.

బాణం లేకుండా నారి లాగి వదలకండి. ఇది మీకు తెలిసినా మీ ఇంటికొచ్చేవాళ్ళకి తెలీదు. ఓ పండగపూట మా హాల్లో ఒక మిత్రుడు "ఒక్కసారి చూస్తా బావా" అని తీసుకుని, సినిమాలో అర్జునుడిలా లాగి వదిలేశాడు. తుపాకీ పేలినట్టు చప్పుడు, నారి క్యాములోంచి జారి వేలాడింది, లింబుకి సన్నటి చీలిక. బాణం మోయాల్సిన శక్తంతా విల్లే మింగిందన్నమాట. ఆయన వేళ్ళు బాగానే ఉన్నాయి, అదే అదృష్టం. అప్పట్నుంచి నా విల్లు తాళమేసిన పెట్టెలో ఉంటుంది.

కుడిచేతివాళ్ళంతా కుడి విల్లే కొనరు. చేతులు చాపి వేళ్ళమధ్య చిన్న సందులోంచి దూరంగా ఉన్న వస్తువుని చూడండి, ఒక్కో కన్నూ మూయండి. ఏ కన్ను తెరిచినప్పుడు వస్తువు సందులోనే ఉందో అది మీ గురి కన్ను. అది ఎడమదైతే షాపువాళ్ళతో మాట్లాడి తేల్చుకోండి.

కంపెనీ అన్నారు కదా: మాథ్యూస్, హోయ్ట్, పీఎస్ఈ, బేర్, అన్నీ మంచివే. మీ ఇంటికి దగ్గర్లో బో ప్రెస్ (నారి వదులయ్యేలా విల్లుని నొక్కిపట్టే యంత్రం) ఉన్న షాపు దేన్ని రిపేరు చేస్తుందో అది కొనండి. నారి రెండు మూడేళ్ళకోసారి మార్చాలి, ప్రెస్ లేకుండా ఇంట్లో అది మార్చలేరు.

ఇంకో సంగతి, ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు కాబట్టి చెప్తున్నా. "మా ఆవిడా నేర్చుకుంటానంటోంది, ఇద్దరికీ ఒకటే తీసుకోమా?" 15 నుంచి 70 పౌండ్లదాకా మారే విల్లులున్నాయి, ఆమె నేర్చుకోవడానికి అలాంటిది బాగుంటుంది. ఒకటే విల్లయితే మాత్రం ప్రతి శనివారం డ్రా లెంగ్త్ మార్చాలి, పౌండ్లు మార్చాలి, కంటిముందు పీప్ (నారిలో ఉండే గురి చూసే చిన్న రింగు) ఎత్తు మార్చాలి, మళ్ళీ సైటు సరిచూసుకోవాలి. రెండో శనివారానికి ఇద్దర్లో ఒకరు మానేస్తారు. రెండు కొనండి.