హెచ్చరికా, అడ్డుకట్టా?

సందేహం: నిక్స్‌ఓఎస్ అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో మాడ్యూళ్లు (అమరికలను చూసుకునే చిన్న చిన్న కోడ్ భాగాలు) చూపించే సందేశాలను సరదాగా తెలుగులోకి తెస్తున్నాం. 'ఫెయిల్డ్ అసర్షన్స్' అన్నదానికి నేను 'విఫలమైన నిర్ధారణలు' అని రాశాను. మా బృందంలో ఒకరు 'హెచ్చరికలు' అంటే చాలన్నారు. ఏది సరైనది? తప్పు, పొరపాటు అనే మాటల్లో ఏది వాడాలి?

సమాధానం: మీ మాటా కుదరదు, వారి మాటా కుదరదు. ముందు అక్కడ జరిగే పని చూద్దాం. నిక్స్‌ఓఎస్‌లో సిస్టమ్ ఎలా ఉండాలో ముందుగా ఫైల్‌లో రాసి ఇస్తాం. దాని ప్రకారం సిస్టమ్‌ను కట్టే ముందే మాడ్యూళ్లు మనం రాసింది చదువుతాయి. అసర్షన్ అంటే మాడ్యూల్ రాసినవారు పెట్టిన షరతు. అది కుదరకపోతే పని అక్కడే ఆగుతుంది, నడుస్తున్న సిస్టమ్ మాత్రం ఎప్పటిలాగే ఉంటుంది. వార్నింగ్ అయితే చెప్పాల్సింది చెప్పి, పని సాగనిస్తుంది.

మరి 'విఫలమైన నిర్ధారణ' అంటే ఏమిటి? లెక్కలో తప్పు పట్టుకున్న మాస్టారిని విఫలమయ్యారు అంటామా? తనిఖీ తన పని చక్కగా చేసింది, కుదరనిది మనం రాసిన అమరిక.

'హెచ్చరిక' వార్నింగ్‌కే ఉంచండి. దేవుణ్ణి వేంచేపు చేసేటప్పుడు 'హెచ్చరిక' పాడే సంప్రదాయం మనకుంది, త్యాగరాజస్వామి కూడా అలాంటిది రాశారు. అందులో స్వామిని ఆపడం లేదు, జాగ్రత్తగా అడుగు వేస్తూ రమ్మంటున్నారు. హెచ్చరించినా నడక ఆగదు. అసర్షన్‌కు నామవాచకం కావాలని పట్టుబట్టకండి. మనకు క్రియ చాలు: 'ముందు ఇవి సరిచేయాలి'. ఈ తేడాను తెలుగు '-తేనే', '-తే మంచిది' అన్న రెండు చిన్న తోకలతో చెప్పేస్తుంది. 'సరిచేస్తేనే ముందుకు', 'సరిచేస్తే మంచిది'.

యూజర్లు, పాస్‌వర్డ్‌లు ఫైల్‌లో రాసినట్టే ఉండాలి, బయట మార్చకూడదు అని పెట్టుకున్నాం అనుకోండి. అప్పుడు రూట్ ఖాతాకు (సిస్టమ్ మీద పూర్తి అధికారం ఉన్నది) గానీ, వీల్ గ్రూపులోని వారికి (ఆ అధికారం వాడుకోగలిగే యూజర్లు) గానీ పాస్‌వర్డ్, ఎస్ఎస్‌హెచ్ కీ (దూరం నుంచి లాగిన్ కావడానికి వాడే డిజిటల్ తాళంచెవి) ఏదీ లేకపోతే నిక్స్‌ఓఎస్ అడ్డుకుంటుంది. దాని సందేశానికి మీరు పంపిన అనువాదం ఇది: 'మీ సిస్టమ్ నుండి లాక్ అవుట్ అవ్వడాన్ని నివారించడానికి మీరు ఒకదానిని తప్పనిసరిగా సెట్ చేయాలి'. ఒకటంటే ఏది? ఇంటి తాళంచెవి లోపలే పెట్టి తలుపు లాగేసుకున్న మనిషికి 'నివారించడం' గుర్తొస్తుందా? ఇలా రాసి చూడండి: 'రూట్‌కు గానీ, వీల్ గ్రూపులో ఒకరికి గానీ పాస్‌వర్డో ఎస్ఎస్‌హెచ్ కీయో పెట్టండి. లేకపోతే మీ సిస్టమ్‌లోకి మీరే వెళ్లలేరు.'

ఆప్షన్ (ఫైల్‌లో మనం విలువ ఇచ్చే అమరిక) పేరు మారినప్పుడు వార్నింగ్ వస్తుంది, పాత పేరుతోనే పని జరిగిపోతుంది. ఆప్షన్‌ను పూర్తిగా తీసేస్తే మాత్రం అసర్షన్ అడ్డుపడుతుంది. అక్కడ 'తొలగించబడినది' అన్నారు. ఆ 'బడు' మీద నాకు పాత కక్ష ఉందనుకోండి, అయినా 'ఈ ఆప్షన్ తీసేశారు, బదులుగా ఫలానాది వాడండి' అంటే ఎవరికి అర్థం కాదు?

ఇక తప్పు, పొరపాటు. ఏర్పడు నుంచి ఏర్పాటు, అలవడు నుంచి అలవాటు వచ్చినట్టే పొరపడు నుంచి పొరపాటు వచ్చింది. అందులో ఉద్దేశం ఉండదు. 'తప్పు' చాలాసార్లు మనిషి వైపు వేలు చూపిస్తుంది. రెండిట్లో ఒకటి ఎంచుకోమంటే పొరపాటే నయం. పోర్ట్‌కు (నెట్‌వర్క్‌లో ఒక్కో సేవకు ఇచ్చే నంబరు) 70000 అని టైప్ చేసినవారికి మాత్రం రెండూ అక్కర్లేదు: 'పోర్ట్ 0 నుంచి 65535 దాకా ఉండాలి, మీరు 70000 ఇచ్చారు' అంటే సరి. 'లోపు' అనకండి, 65535 అందులో కలుస్తుందా లేదా అని ఇంకో సందేహం నాకే వస్తుంది.